పన్నెండు వెన్నులు

ఆ ఏడు మొదటి వానకి షెడ్డు మూల కారింది. రెండో వానకి మా మరిది వచ్చాడు.

నెత్తిమీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని, చంకలో అట్టపెట్టె ఇరికించుకుని, గుమ్మంలో చెప్పులు విడుస్తూ “వదినా, టీ తాగావా?” అన్నాడు. మా ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆ రెండేళ్ళలో నేను టీ తాగానో లేదో అతను అడగడం అదే మొదటిసారి. ఏదో పని పడిందని అప్పుడే అర్థమైంది.

పెట్టె తెరిచి కత్తులు చాప మీద పరిచాడు. పన్నెండు వంటకత్తులు. ఇంకా పిడులు వేయలేదు. ఒకదానికి పొట్ట ఉబ్బింది, ఒకదాని ముక్కు పైకి లేచింది, ఇంకొకటి సన్నగా జ్వరం వచ్చి లేచినదానిలా ఉంది. పన్నెండూ ఒక ఇంట్లో పుట్టినవని ఎవరూ అనరు.

“ఎవరు చేశారివి?”

“నేనే.”

“చూస్తే తెలుస్తోందిలే.”

అతను నవ్వలేదు. వంట నేర్పే కాలేజీ ఒకటుందని, అక్కడి పెద్దావిడ పన్నెండు కత్తులు అడిగిందని చెప్పాడు. పన్నెండు పొయ్యిలు, పన్నెండు మంది పిల్లలు. కత్తుల్లో వెంట్రుకంత తేడా ఉన్నా మంచిది నాకంటే నాకని కొట్టుకుంటారట. అందుకని అన్నీ ఒకేలా ఉండాలి. పిడి వేస్తే లోపల ఏం దాచారో తెలియదు కాబట్టి పిడి వేయకముందే తనకి చూపించాలి. మొదటి విడత తీసుకెళ్తే ఆవిడ రెండింటిని వెన్నుకి వెన్ను ఆనించి చూసి, నవ్వి, పెట్టె మూసి ఇచ్చేసిందట. ఈ నెలాఖరుకి తనే వచ్చి చూస్తానందట. నచ్చితే ప్రతి ఏడూ మన దగ్గరే చేయిస్తుందట.

“అన్నయ్య చేస్తే ఎన్ని చేసినా ఒకే అచ్చు. ఆ మూస రేకు నా దగ్గరే ఉంది కదా, దాన్ని పెట్టి గీసి, గీత మీదే కోశాను. మరి ఎందుకిలా వచ్చాయో!”

ఎందుకో నాకు తెలుసు. అతను ఒక్కో కత్తినీ విడివిడిగా చేశాడు. పొద్దున్న ఉన్న చెయ్యి సాయంత్రం ఉండదు. మా ఇంట్లో ఎప్పుడూ ఒక కత్తిని ఒంటరిగా చెయ్యలేదు.

కొలిమి, నూనె, నూరడం, పిడి, వచ్చినవాళ్ళతో మాట్లాడడం మా ఆయన పని. ఉక్కు రేకుల్ని కత్తి ఆకారానికి తేవడం నా పని. ఇరవై రెండేళ్ళు చేశాను. ఎవరైనా షెడ్డు దగ్గరికి వస్తున్న అలికిడైతే మా ఆయన “లోపలికి పో” అనేవాడు. నేను చెయ్యి తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళేదాన్ని, ఇనుము అరగదీసే నా ఆకురాయిని ఆయన చేతిలోకి తీసుకునేవాడు. మరిది తయారైన కత్తుల్ని సంచిలో వేసుకుని షాపులకి తిప్పేవాడు. నేను ఏదో చేతికి అందిస్తూ ఉంటానని అతని లెక్క.

“నువ్వు అన్నయ్యకి సాయం చేసేదానివిగా వదినా. అంతో ఇంతో గుర్తుంటుంది. కాస్త చూసిపెట్టు.”

“చూస్తాను,” అన్నాను.

గోడ అవతల నుంచి తోటికోడలి గొంతు వినిపించింది. “ఒప్పుకుందా?” మా ఇల్లు రెండు వాటాలు. మధ్యగోడ ఒక ఇటుక మందం. తుమ్మితే అవతలివాళ్ళు నూరేళ్ళంటారు.

నేను ఒప్పుకోవడానికి కారణం అంతకు నాలుగు రోజుల ముందు చదివిన ఒక కాగితం.

మా వీధి చివర ఇంట్లో టీచరమ్మ ఉంటుంది. బడి నుంచి రిటైరైంది కానీ నోరు రిటైరవలేదు. రోజూ సాయంత్రం నాలుగింటికి అరుగు మీద మా ఏడుగురికి చదువు చెప్పేది. ఇస్త్రీ చేసే ఆవిడ, మిషను కుట్టే అక్కాచెల్లెళ్ళు, ఇంకా కొందరు. అందరిలో పెద్దదాన్ని నేనే. ఎనిమిది నెలల్లో అక్షరాలు పట్టుబడ్డాయి. బోర్డులు చదివాను, మందుల కవర్లు చదివాను, చదవడానికి ఏమీ లేకపోతే సబ్బు మీది మాటలు చదివాను. తర్వాత ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న కాగితాలు ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టాను.

అందులో ఒక కాగితం కింద నా వేలిముద్ర ఉంది. మా ఆయన పోయిన వారంలో, ఇంటినిండా జనం ఉండగా, కరెంటు మీటరు పేరు మార్చాలని మరిది నా చేత వేయించింది. నకలు నాకే ఇచ్చి జాగ్రత్త చేసుకోమన్నాడు కూడా. చదవలేనిదానికి ఇస్తే ఏం ప్రమాదం?

దాన్ని అరుగు మీదికి తీసుకెళ్ళి చదివాను. టీచరమ్మ సాయం చెయ్యలేదు. “తొందరేముంది, చదువు” అని తన టీ తను తాగింది. పెరట్లో షెడ్డు, దానిలోని సామానంతా మరిదికి ఇస్తున్నానట. సరే. చివర ఒక వాక్యం ఉంది. అది మూడుసార్లు చదివాను. తప్పు చదివానేమోనని నాలుగోసారి వేలు పెట్టి చదివాను.

‘నాకు ఈ పని రాదు. ఎప్పుడూ చేసి ఎరగను.’

“టీచరమ్మా, ఈ మాట ఎవరన్నట్టు?”

“నువ్వన్నట్టు.”

“నేను అనలేదే!”

“కాగితం ప్రకారం అన్నావు. కింద నీ వేలుంది.”

షెడ్డు పోతే ఏడ్చేదాన్నేమో. ఈ మాటకి ఏడుపు రాలేదు. పళ్ళు బిగుసుకున్నాయి. వానలు తగ్గాక షెడ్డు ఖాళీ చేసి సరుకు పెట్టుకుంటానని అంతకు ముందు అతను అంటే, నన్ను అడుగుతున్నాడనుకున్నాను. నాకు చెబుతున్నాడని ఇప్పుడు తెలిసింది.

అందుకే “చూస్తాను” అన్నాను. అన్న క్షణానికే ఏం చెయ్యాలో నా మనసులో ఉంది. పన్నెండు కత్తులూ కళ్ళకద్దుకునేట్టు చేస్తాను. అన్నీ ఒక్కలాగే చేస్తాను. కొలిమి దగ్గర మాత్రం ఒక్క పని వదిలేస్తాను. ఉక్కుని తగినంత ఎర్రగా కాలకముందే నూనెలో ముంచితే రంగులో తేడా తెలియదు, మెరుపులో తేడా తెలియదు. నూరితే పదును కూడా వస్తుంది. నాలుగు రోజులు కొయ్యగానే అంచు మడతపడిపోతుంది. పన్నెండు పొయ్యిల దగ్గర, పన్నెండు చేతుల్లో, ఆ పెద్దావిడ కళ్ళముందు ఒకేసారి మడతపడతాయి. ఆ తర్వాత ఊళ్ళో మా మరిది చేతి కత్తితో ఎవరూ వంకాయ కూడా కొయ్యరు.

ఇలా అనుకున్నందుకు నాకు సిగ్గు వెయ్యలేదు. ఆ రోజు హాయిగా నిద్రపట్టింది.

మర్నాడే షెడ్డు తాళం తీయించాను. ఉక్కు పట్టీని మూస కంటే కాస్త పెద్దగా పన్నెండు ముక్కలు కోశాను. ప్రతి ముక్కనీ రాతిపలక మీద రుద్ది చదును చేశాను. తర్వాత పిడి వచ్చే చోట రెండేసి బెజ్జాలు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. డ్రిల్లు వెంట్రుకంత వాలితే పై రేకులో ఏమీ తెలియదు. పన్నెండో రేకు దగ్గరికి వచ్చేసరికి బెజ్జం పక్కింటికి పోతుంది. అందుకని అన్నిటికీ ఒకేసారి పెట్టను. మొదటి రేకుని పైన ఉంచి మూడేసి చొప్పున పెడతాను. తర్వాత పన్నెండింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, బెజ్జాల్లో చీలలు దిగ్గొట్టి, బల్లకున్న వైసు దవడల మధ్య బిగిస్తాను. అప్పుడవి పన్నెండు రేకులు కావు. ఒకే ఇనప ఇటుక. పై రేకు మీద ఒక్కచోట బొమ్మ గీసుకుంటే చాలు. అక్కణ్ణుంచి ఎక్కడ అరగదీసినా పన్నెండింటికీ అరుగుతుంది.

మరిది స్టూలు మీద కూర్చుని చూశాడు.

“ఓహో, అన్నీ కలిపి బిగించేస్తావా! అన్నయ్య నాకీ సంగతి చెప్పనే లేదు.”

“నువ్వడిగావా?”

“అడగలేదనుకో.”

“మరింకేం.”

కాసేపు చూసి ఫోను తీశాడు. ఆకురాయి ఒకసారి ఇమ్మన్నాడు. వైసు ముందు నిలబడి, ఆకురాయి పట్టుకుని, మొహం సీరియస్‌గా పెట్టి “కాస్త పక్కకి జరుగు వదినా, నీ భుజం పడుతోంది” అన్నాడు. జరిగాను. నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. ఆకురాయిని తిరగేసి పట్టుకున్నాడని నేను చెప్పలేదు.

పది రోజులు వాన పడుతూనే ఉంది. రేకుల కప్పు మీద చినుకుల మోత, కింద ఆకురాయి చప్పుడు. అడ్డంగా, పన్నెండు అంచుల మీదుగా, చెయ్యి వాలకుండా తోయాలి. ప్రతి ఇరవై తోపులకీ మూలమట్టం పెట్టి చూడాలి. రెండేళ్ళు వదిలేసిన చెయ్యి మొదటి రోజు వణికింది, రెండో రోజు వాచింది, మూడో రోజు గుర్తుపట్టింది. పొట్ట వంపు కుదిరినప్పుడు వేలితో రాస్తే పన్నెండు గీతలు తగలవు, ఒకే గుండ్రని గులకరాయిలా తగులుతుంది. వీటిని పాడుచెయ్యబోతున్నానన్న సంగతి ఆ సమయంలో నాకే గుర్తుండేది కాదు.

ఒకరోజు తోటికోడలు టీ పట్టుకొచ్చింది. గుమ్మానికి ఆనుకుని నేను తాగేదాకా నిలబడింది.

“ఏంటక్కా అంత శ్రద్ధ? ఎవరికోసం?”

“పనికోసం.”

“అంటే మా ఆయన కోసమన్నమాట.”

“నీ టీలో చక్కెర లేదే.”

“ఉంది, నువ్వు కలుపుకోలేదు.” చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “ఒకటి చెప్తాను, నేను చెప్పానని అనకు. కత్తులు బాగుంటే ఆయన చేసినవి. బాగోకపోతే నువ్వు చేసినవి. నిన్న అన్నం తింటూ అన్నాడు. తేడా వస్తే ఆ కాగితం ఆవిడ ముందు పెడతాడట. ‘చూడండి మేడం, మా వదిన తనకి పని రాదని అప్పుడే రాసిచ్చింది, భర్త పోయాడని జాలిపడి చేతికిచ్చాను, నాదే బుద్ధి తక్కువ’ అంటాడట. మళ్ళీ సొంతంగా చేసిస్తానని గడువు అడుగుతాడట.”

“నాకెందుకు చెప్తున్నావు?”

“నీమీద ప్రేమతో కాదులే. ఈ పని కుదిరిందంటే ఇంట్లో ఇక ఆయన ముందు నోరెత్తలేను. ఇప్పటికే ఆ ఫోటోలు పదిమందికి పంపాడు. ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలితే నాలుగు రోజులు నా చెవులు చల్లగా ఉంటాయి.” గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

అంచులు మడతపడిన రోజున ఆ కాగితంలోని మాట నిజమవుతుంది. నిజం చేసేది అతను కాదు, నేను.

ఆ పూట ఇంక పని సాగలేదు. ఆకురాయిని బ్రష్షుతో దులిపి, గుడ్డలో చుట్టి పెట్టి, టీచరమ్మ అరుగు మీదికి వెళ్ళాను.

“ఇవాళ పలక వద్దు టీచరమ్మా. కాగితం ఇవ్వండి. జానెడు పొడుగు, రెండు వేళ్ళ ఎత్తు అక్షరాలు రాయాలి.”

“సినిమా బోర్డు రాస్తున్నావా?”

“అలాంటిదే.”

రాసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. “ఒత్తు ఇంకొంచెం కిందికి రానీ. ఇరుకైపోతే చదవలేరు,” అంది.

చీలలు ఊడదీసేముందు రేకుల వెన్నుల మీద అడ్డంగా ఒక ఏటవాలు గీత గీయడం నా అలవాటు. విడదీశాక ఏది ఎన్నోదో, ఏ వైపు పైకో ఆ గీతని బట్టి తెలుస్తుంది. చివర్లో పాలిష్‌లో పోతుంది, కొన్నవాళ్ళకి కనిపించదు. ఈసారి గీత గీయలేదు. పన్నెండు వెన్నులూ కలిస్తే రెండు వేళ్ళ వెడల్పు పలక. సన్న ఉలి తీసుకుని ఆ పలక మీద రాశాను. కాగితం మీద గుండ్రంగా తిరిగే అక్షరం ఉక్కు మీద తిరగదు. ఒక్కో వంపుకీ పది చిన్న దెబ్బలు. రెండు పొద్దులు పట్టింది. ఆ రెండు పొద్దులూ మరిది షాపుల వెంట తిరుగుతున్నాడు.

తర్వాత చీలలు తన్ని తీసేశాను. ఇటుక పన్నెండు ముక్కలైంది. విడిగా చూస్తే ఒక్కో వెన్ను మీద అక్కడొక నొక్కు, ఇక్కడొక గీటు. ఎలకలు కొరికినట్టుంది తప్ప అక్షరమన్న అనుమానం ఎవరికీ రాదు.

కొలిమి రోజున మరిది బ్లోయర్ తిప్పాడు. దారానికి కట్టిన అయస్కాంతం కాలిన రేకు దగ్గర పెడుతూ చూశాను. పట్టుకుంటున్నంతసేపూ ఉక్కు పచ్చిదే. పట్టు వదిలేశాక ఇంకొక్క క్షణం ఆగి నూనెలో ముంచాలి. నేను ఒక్కదాన్నీ తొందరపెట్టలేదు. ఒకటి కొద్దిగా వంగితే వేడి మీదే సరిచేశాను. చల్లారాక మూలమీద ఆకురాయి రాసి చూశాను. ఉక్కు గట్టిపడింది, ఆకురాయి కరవకుండా జారిపోయింది. పన్నెండూ అంతే. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు. మా ఆయన ఉన్నప్పుడు కూడా.

మరిది ఒకటి చేతిలోకి తీసుకుని వెన్ను తడిమాడు. “ఈ గీట్లేంటి వదినా?”

“గుర్తులు. ఏది ఎన్నోదో తెలియడానికి. మీ అన్నయ్య పెట్టేవాడు కాదూ? నువ్వెప్పుడూ చూళ్ళేదా?”

“ఎందుకు చూళ్ళేదు! చూశాను చూశాను,” అన్నాడు.

పెద్దావిడ వచ్చే రోజు పొద్దున్నే మరిది కొత్త చొక్కా మీద మా ఆయన తోలు ఏప్రన్ కట్టుకున్నాడు. చేతులకి కాస్త మసి రాసుకున్నాడు. “నువ్వు లోపలుండు వదినా. పిలుస్తాను, అప్పుడు మంచినీళ్ళు పట్టుకురా.”

ఆవిడ గొడుగు దులుపుకుంటూ వచ్చింది. బారైన మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. వంటింటి కిటికీ లోంచి షెడ్డు బాగా కనిపిస్తుంది, నేను అక్కడ నిలబడ్డాను. కత్తుల్ని రెండేసి చొప్పున వెన్నుకి వెన్ను ఆనించింది. సంచిలోంచి చిన్న తూనిక తీసి ఒక్కోటీ తూచింది. పన్నెండు మొనల్నీ గోడకి ఆనించి, పిడి వేయాల్సిన తోకలు సమంగా ఉన్నాయేమో చూసింది. ఒకదాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంది.

“అచ్చు గుద్దినట్టున్నాయి,” అంది.

“అన్నయ్య నేర్పిన విద్య మేడం.”

“మరి మొదటిసారి తెచ్చినవి ఎవరు నేర్పిన విద్య?”

“అవి... హడావిడిలో చేసినవి మేడం. వదినా, మంచినీళ్ళు!”

నేను నీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ బొటనవేలు ఒక వెన్ను మీద ఆగి ఉంది. “ఈ నొక్కులేంటి?”

“మా ఇంటి గుర్తులు మేడం. ఒక్కో కత్తికీ ఒక్కోటి. నేనే స్వయంగా ఉలితో పెట్టాను.”

“అన్నిటికీ వేరువేరుగా ఉన్నాయే. అర్థమేంటి?”

“వరస నంబర్లలాంటివి మేడం. ఏది ఎన్నోదో కళ్ళు మూసుకుని చెప్పగలను.”

“మూసుకోనక్కర్లేదు. మొదటిది ఏది?”

అతను ఏమాత్రం తడుముకోకుండా ఒకటి తీసి ఇచ్చాడు. షాపుల్లో అలవాటు, ఎవరేమడిగినా ఏదో ఒకటి చేతిలో పెడతాడు.

“అది ఏడోది,” అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టి, అతని చేతిలోంచి ఆ కత్తి తీసుకున్నాను. మొదటిది వెతికి బల్ల మీదున్న చీలలకి గుచ్చాను. రెండోది, మూడోది. నాకు చూడనక్కర్లేదు, వేలితో రాస్తే తెలిసిపోతుంది. ఏడోది దాని చోట్లోకి వెళ్ళింది. పన్నెండూ అయ్యాక గట్టిగా అదిమి, వెన్నులు పైకి వచ్చేలా నిలబెట్టి, కిటికీ వెలుతురులోకి ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ వంగింది. కళ్ళజోడు తీసి పెట్టుకుంది. మొదట పెదాలతో, తర్వాత పైకి చదివింది.

“నాకు... వచ్చు.”

ఆవిడ మళ్ళీ చదివింది, ఈసారి ఆగకుండా. “నాకు వచ్చు.”

“ఏంటి? ఏం వచ్చింది?” పెరటి గోడ అవతల నుంచి తోటికోడలు అరిచింది.

మరిది నోరు తెరిచాడు. “మా వదిన... ఈమధ్యే చదువు నేర్చుకుంటోంది మేడం, ఆ సరదాలో...”

“చేతులు చూపించు,” అందావిడ అతనితో. చూపించాడు. మసి మణికట్టు దాకా ఉంది, గోళ్ళలో లేదు. తర్వాత నా చేతులు తనే పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళ పక్కన ఆకురాయి కాయలు, గోళ్ళ కింద ఎంత రుద్దినా వదలని నలుపు. వంటవాళ్ళు చేతుల్ని మొహంలాగే చదువుతారు.

“నేనీవిడతో మాట్లాడాలి,” అంది. బల్ల మీద గ్లాసెత్తి ఒక్క గుక్కలో తాగేసి అతని చేతికిచ్చింది. “ఇంకొంచెం మంచినీళ్ళు పట్టుకురా బాబూ.”

వెళ్ళాడు. మా ఆయన ఏప్రన్ కట్టుకుని, ఖాళీ గ్లాసు పట్టుకుని, వానలో, మా వంటింటి గుమ్మం వైపు. నా జీవితంలో తృప్తిగా చూసినవి కొన్ని ఉన్నాయి. వాటన్నిటికంటే నేను ఎక్కువసార్లు తలుచుకునేది ఆ నడకని.

పెద్దావిడ ఎక్కువ మాట్లాడలేదు. “ఈ గీట్లు తీసెయ్యాలమ్మా. వంటింటి కత్తికి సందు ఉండకూడదు, మురికి పట్టుకుంటుంది. తీసేసి, పిడులు వేసి నువ్వే పట్టుకురా. వచ్చే బ్యాచ్‌కి ఇంకో ముప్ఫై చెయ్యగలవా?”

“ముప్ఫై ఒకే ఇటుక కాదు. మూడు ఇటుకలు చేస్తాను.”

“ఎన్నయితే నాకేం,” అని నవ్వి గొడుగు తెరిచింది.

రెండు రోజులు గోడ అవతల నుంచి మాట వినిపించలేదు. తోటికోడలు కోరుకున్న నాలుగు రోజుల్లో సగం. మూడో రోజు మరిది షెడ్డు గుమ్మం ముందుకి వచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. నేను లోపలికి రమ్మనలేదు.

“షెడ్డు నువ్వే ఉంచుకో వదినా. ఇదిగో ఆ కాగితం. అసలుది.”

తీసుకున్నాను. విప్పి, పైనుంచి కిందిదాకా పైకి చదివాను. నా చదువు అసలే నెమ్మది. ఇంకాస్త నెమ్మది చేశాను. ఎక్కడైనా ఒత్తు దగ్గర అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

“చాల్లే వదినా. చింపెయ్.”

“ఎందుకు? ఇప్పుడేగా చదవడం వచ్చింది.” మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను.

అతను జేబులోంచి ఇంకొకటి తీశాడు. మా ఆయన ముద్ర. కత్తి పిడి మీద పెట్టి సుత్తితో కొడితే ఆయన పేరులోని మొదటి అక్షరం పడుతుంది. “ఇది కూడా ఉంచు. వాటిమీద కొట్టు. ఇది లేకపోతే ఎవరూ గుర్తుపట్టరు.”

నేను చెయ్యి చాపలేదు. అది చూసి అతనికి కోపం వచ్చింది. రెండు రోజులుగా దాచుకున్నది బయటికి వచ్చింది.

“నన్నొక్కణ్ణే ఎందుకంటావు? అన్నయ్య మాత్రం చెప్పాడా? ఇరవై రెండేళ్ళలో ఒక్కసారన్నా, ఇది మా ఆవిడ చేసిందని ఎవరితోనన్నా అన్నాడా? ఆయన అనని మాట నేను కాగితం మీద పెట్టాను, అంతేగా!”

అది అబద్ధం కాదు.

“ఉండి ఉంటే ఆయన్ని కూడా అక్కడే నిలబెట్టేదాన్ని,” అన్నాను. “ఆ వానలోనే.”

ముద్రని కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పన్నెండు కత్తుల్నీ మళ్ళీ చీలలకి గుచ్చి బిగించాను. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి పనిచెయ్యదు. గరుకు రాయి పెట్టి, నీళ్ళు చల్లుకుంటూ రుద్దాను. సన్న గీతలు ముందు పోయాయి, వంపులు తర్వాత పోయాయి. చివరిదాకా మొండికేసింది కింది ఒత్తు. నాకేం బాధ కలగలేదు. చదవాల్సినవాళ్ళు చదివేశారు. సాయంత్రానికి వెన్నులు నున్నగా, చల్లగా అయ్యాయి.

పిడులు వేశాను. నూరాను. ముద్ర కొట్టలేదు. పన్నెండు కత్తులూ ఎవరి పేరూ లేకుండానే కాలేజీకి వెళ్ళాయి, వాటి తర్వాత వెళ్ళిన ముప్ఫై కూడా అంతే.

పేరు లేని కత్తి పట్టుకున్నవాళ్ళు ఎవరు చేశారని అడుగుతారు. అడుగుతూ మా ఇంటిదాకా వస్తారు. వాళ్ళని కూర్చోబెట్టి తీరిగ్గా చెప్తాను. మరిది గోడ అవతల ఉన్నాడని తెలిస్తే ఇంకాస్త గట్టిగా చెప్తాను.